జిదానె పనైపోయిందా?

'ఇక పనైపోయింది... ఇంటికెళ్లడమే మిగిలింది!' 2006 ప్రపంచకప్‌ మొదట్లో ఫ్రాన్స్‌ మిడ్‌ఫీల్డర్‌ జినెదిన్‌ జిదానె గురించి చాలామంది అనుకున్నదిదే.

అనుకోవడానికి కారణాలూ ఉన్నాయి. ఈ టోర్నీతో ఆటకు సెలవంటూ అతనే ముందుగా చెప్పేశాడు. స్విట్జర్లాండ్‌తో 0-0, దక్షిణ కొరియాతో 1-1... రెండూ డ్రాలే. రెండింట్లోనూ అతనికి పసుపుకార్డు. దాంతో టోగోతో మ్యాచ్‌కు దూరం. ఆ రోజు జూన్‌ 23... సరిగ్గా అతని 34వ పుట్టినరోజు! అతను లేకుండానే ఫ్రాన్స్‌ 2-0తో గెలిచింది. 'లేకపోతేనే నయమేమో' అనిపించడం సహజమే కదా!

నాకౌట్‌కు వచ్చేసరికి కథ తిరగబడింది. స్పెయిన్‌పై 3-1 విజయంలో చివరి గోల్‌ అతనిదే. బ్రెజిల్‌పై అతని ఫ్రీకిక్‌నే హెన్రీ గోల్‌గా మలిచాడు. పోర్చుగల్‌పై పెనాల్టీతో తనే గెలిపించాడు.

మరి రెండు వారాల్లో వయసు తగ్గిందా? లేదు. పరుగు తగ్గిన మాట నిజం. ఆ పరుగేదో వెనక నుంచి మకెలెలె, వియెరా తీశారు. బంతి లాక్కోవడం వాళ్ల వంతు. దాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎలా అందించాలో చూసుకోవడం జిదానె వంతు. కాళ్లకు వచ్చినంత త్వరగా చూపుకి ముసలితనం రాదు. మిడ్‌ఫీల్డర్‌ ఎంత దూరం పరిగెత్తాడన్నది కాదు, అతని కాలు తగిలాక బంతి ఎక్కడికెళ్లిందన్నదే లెక్క.

ఫైనల్లో ఇటలీపై ఏడో నిమిషంలోనే గోల్‌ కొట్టాడు. అదనపు సమయంలో మాటెరాజి ఛాతీపై తలతో కుమ్మి, ఎర్రకార్డుతో మైదానం వీడాడు. పెనాల్టీల్లో 5-3తో కప్పు ఇటలీకి వెళ్లింది. టోర్నీ ఉత్తమ ఆటగాడి బంగారు బంతి మాత్రం జిదానెకే దక్కింది!

ఆ రోజు అతన్ని ఓడించింది వయసు కాదు... కోపం.