చెల్పూరు బూడిద ఇటుకల వరకేనా?

పాలంపేటలో రామప్ప గుడికి వచ్చినవాళ్లకు నీళ్ల మీద తేలే ఇటుకల సంగతి చెబుతారు. అటు భూపాలపల్లి వైపు వెళితే చెల్పూరు వస్తుంది. అక్కడి ఇటుక బూడిద ఇటుక. కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1100 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుంచి 45 వంతులు బూడిదే.

ఆ బూడిదలో ఎక్కువగా ఉండేవి సిలికా, అల్యూమినా. జియోలైట్‌కు కావాల్సినవీ అవే. కాస్టిక్ సోడా కలిపి కాల్చి, తర్వాత నీళ్లలో 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే సన్నటి రంధ్రాల స్ఫటికాలు తయారవుతాయి. రిఫైనరీల్లో చమురును విడగొట్టే ఉత్ప్రేరకం ఈ జాతిదే. వాడేసిన వంటనూనెను బయోడీజిల్‌గా మార్చడానికీ బూడిద జియోలైట్‌ను పరీక్షించారు. మన బిర్యానీ హోటళ్లలో అలాంటి నూనెకు కొదవా?

1985లోనే జర్మనీలో హోలర్, విర్షింగ్ బూడిద నుంచి జియోలైట్ చేసి చూపించారు. అయినా వ్యాపారం సులువు కాదు. బూడిద లోడుకో రకంగా వస్తుంది, ఇనుము తీసేయాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు మిగిలిపోయే సోడా నీళ్లు. వాటిని చెరువులోకి వదిలితే ఊరికి ఒరిగేదేంటి?

2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ బూడిద మొత్తం వాడాలంటోంది, వాడని టన్నుకు 1000 రూపాయల పరిహారం వేసింది. కానీ ఇటుకకు పోయినా, జియోలైట్‌కు పోయినా లెక్కలో టన్ను టన్నే. అందుకే ఎవరికీ తొందర లేదు. వరంగల్‌లో నిట్, హైదరాబాద్‌లో ఐఐసీటీ ఉన్నాయి. సోడా నీళ్లను మళ్లీ వాడుకునే చిన్న యూనిట్ ఒకటి చెల్పూరులోనే పెట్టమని ముందు అడగాల్సింది, కెమిస్ట్రీ డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఇక్కడి పిల్లల తల్లిదండ్రులే.