తునకల్లో ఇనుము, బస్తాలో కలిపిన ఇనుము

తిండి మీద రాస్తున్న పోస్టుల్లో ఇది ఆరోది. "అన్నా, ఎండు తునకలు తింటే కేన్సర్ అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిందట కదా" అని అరకు వైపు చెల్లి ఒకరు అడిగింది. అడిగింది తనే గానీ, ఆ మాట తన చెవిన వేసింది ఎవరో నాకు తెలుసు. వాట్సప్‌లో శాకాహార సూక్తులు పంపే సార్లు.

డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన మాట నిజమే. 2015 అక్టోబరులో దాని కేన్సర్ పరిశోధనా సంస్థ ప్రాసెస్డ్ మాంసాన్ని మొదటి గ్రూపులో పెట్టింది. ఉప్పు పట్టించినవీ పొగబెట్టినవీ అందులోకే వస్తాయి. ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఎండేసిన మన తునకలు వేరని నేను దబాయించను. కానీ మిగతా సగం ఎందుకు చెప్పరు? రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు కేన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. రోజూ! అది పొద్దున బేకన్, సాయంత్రం సాసేజ్ తినేవాళ్ల లెక్క. అనంతగిరిలో, డుంబ్రిగుడలో రోజూ మాంసం ఉడికే పొయ్యిలు ఎన్ని? ఎప్పుడో గోంగూరలో నాలుగు తునకలు వేసుకునే తల్లికి అమెరికావాడి టిఫిన్ ప్లేటు చూపించి భయపెడుతున్నారు.

నెత్తురులో, కార్జంలో, ఎర్రమాంసంలో ఎక్కువగా ఉండే ఇనుమును హీమ్ ఇనుము అంటారు. అది 15 నుంచి 35 శాతం దాకా ఒంటికి పడుతుంది. అతిగా తింటే ముప్పులో దానికీ పాత్ర ఉందని అనుమానం ఉంది, నిజమే. మనది అతి కాదు, లేమి. చోళ్లలో, ఆకుకూరల్లో ఉండే ఇనుము వేరు. దాన్ని గింజలోని ఫైటేట్లు పట్టి ఉంచుతాయి, తిన్న వెంటనే తాగిన టీ ఇంకా అడ్డుపడుతుంది. చోడంబలిని తక్కువ చేయడం లేదు. అంబలితో ఓ మాంసం ముక్క తింటే అంబలిలోని ఇనుము కూడా ఎక్కువ పడుతుంది. ఎండబెడితే నీరు పోతుంది, ఇనుము పోదు. ఫ్రిజ్ లేని ఇంట్లో వానాకాలానికి దాచుకున్న ఇనుము అది. కనిపెట్టింది తార్నాక పోషకాహార సంస్థ కాదు, మన అమ్మమ్మలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. దానికి సర్కారు మందేమిటి? 2021 పంద్రాగస్టున ఎర్రకోట మీద ప్రకటించిన ఫోర్టిఫైడ్ బియ్యం. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము, ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ రూపంలో. అన్నం రంగూ రుచీ మారవు, అందుకే ఆ పొడి. కడుపులో కరగడం మాత్రం కష్టం.

నాకు ఒళ్లు మండేది ఇక్కడ. ఈ కొండల్లో సికిల్ సెల్ ఉంది. పదేపదే రక్తం ఎక్కించుకునే మనిషి ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇనుము కలిపిన ఆహారం తినొద్దని బస్తా మీద ముద్రించాలని 2018 నిబంధనల్లో రాసుకున్నారు, తర్వాత ఆ హెచ్చరికే అక్కర్లేదన్నారు. ఉన్నప్పుడు మాత్రం ఎవరు చదివారు? డిపోలో బియ్యం తూచి మన సంచిలో పోస్తారు, బస్తా అక్కడే ఉండిపోతుంది.

మరి పెద్దమాంసం? 1977 చట్టం ఆవునీ దూడల్నీ కోయొద్దంది. ఎద్దు, దున్న అయితే పనికిరానిదని అధికారి ధ్రువపత్రం ఇస్తే కోయొచ్చు. సంతకి పోయే పశువుని దారిలో ఆపేవాడికి ఆ తేడా తెలీదు, తెలిసినా పట్టదు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేడ్కర్ 1948లోనే పుస్తకం రాసి విప్పి చూపించాడు. ఆదివాసీల కథ వేరే, ఒప్పుకుంటాను. కానీ ఇద్దరికీ సిగ్గు నేర్పే బడి ఒక్కటే. బొంగు చికెన్ పట్టుకుని సెల్ఫీ దిగే టూరిస్టు పక్కింటి తునకల వాసనకి ముక్కు మూసుకుంటాడు.

పాడేరు ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో ఈసారి ఇవి కూడా రాయండి: ఆశ్రమ పాఠశాలల్లో ముందు ప్రతి పిల్లకీ హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు, ఆ తర్వాతే మాత్రలు. మెనూలో కార్జం, మాంసం. వండాల్సింది ఏమిటో ఆ ఊరి తల్లులే చెప్పాలి. ముసాయిదా నేను రాస్తాను, కువి, ఒడియా మాటలు తెలిసినవాళ్లు ఇన్‌బాక్స్‌కి రండి.