పద్దు పుస్తకం: కోర్టు ఖర్చు ఎవరి నెత్తిన?

పోయినవారం ఆవకాయ ఖర్చుల లెక్క రాశాక చాలా ఉత్తరాలొచ్చాయి. అందులో ఒకటి మాత్రం ఆవకాయ గురించి కాదు. పాల్వంచ నుంచి ఒక సోదరి రాశారు. "మా అత్తగారు గుడి నుంచి నడిచి వస్తుంటే బైకు గుద్దేసింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనుకే చేతిలో డబ్బంతా అయిపోయింది. కేసు వేద్దామంటే మావారు, కోర్టు ఖర్చులు ఎవడు పెట్టుకుంటాడు అంటున్నారు. గెలిస్తే ఆ ఖర్చు అవతలివాళ్ళే ఇస్తారటగా వదినా, నిజమేనా?" అని.

నిజమేనమ్మా. కాకపోతే సగమే నిజం. రెండో సగం ఎలా ఉంటుందో నా పద్దు పుస్తకంలోనే ఉంది, చూసి చెబుతాను.

2018లో నేను కూరగాయలు కొనుక్కుని రోడ్డు వారగా నడిచి వస్తుంటే ట్రాలీ ఆటో ఒకటి వెనకనుంచి వచ్చి కొట్టింది. కుడికాలు విరిగింది. లోపల రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం. ఇంటికి వచ్చిన వాళ్ళందరూ కేసు వెయ్యమన్నారు గానీ, దానికయ్యే డబ్బు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. తెలిసినవారి ద్వారా ఒక వకీలు దగ్గరకు వెళ్ళాం. "ఇప్పుడేం ఇవ్వక్కర్లేదమ్మా, వచ్చినదాంట్లో నూటికి ఇరవై చాలు" అన్నారు. ఆ మాట వినగానే మావారికీ నాకూ ప్రాణం లేచొచ్చింది. చేతినుంచి పైసా కదలకుండా పని అవుతుందంటే ఎవరికి చేదు?

2021లో తీర్పొచ్చింది. నాలుగు లక్షలు, ఖర్చులతో సహా ఇన్సూరెన్సు కంపెనీ కట్టాలని. "ఖర్చులతో సహా" అన్న మాట చదివి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. తరువాత డిక్రీ కాపీ వచ్చింది. దాని చివర చిన్న పట్టిక ఉంది. వకాలతు స్టాంపు ఇంత, కోర్టు ఫీజు ఇంత, నోటీసుల బత్తా ఇంత, వకీలు ఫీజు ఇంత అని. అంతా కూడితే 7 వేల చిల్లర. నేను ఇచ్చిందేమో వకీలుగారికి 80 వేలు, జిరాక్సులకీ బస్సులకీ డాక్టరుగారు సాక్ష్యానికి వచ్చిన రోజు ఖర్చుకీ కలిపి మరో 11 వేలు. పుస్తకంలో కుడిపక్క 91 వేలు, ఎడమపక్క 7 వేలు. మరోసారి కూడాను. లెక్క తప్పలేదు.

సంగతేమిటంటే, ఓడినవారు గెలిచినవారి ఖర్చు ఇచ్చుకోవాలనేది సివిల్ కోర్టుల్లో మామూలు పద్ధతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్లో ఉంది. గెలిచినవారికి ఖర్చు ఇప్పించకపోతే ఎందుకు ఇప్పించలేదో జడ్జిగారు కారణం రాయాలి కూడా. యాక్సిడెంట్ కేసులు వినే ట్రిబ్యునల్ లోనూ ఖర్చులు ఇప్పించడమా మానడమా అన్నది వారి చేతిలోనే ఉంటుంది. ఇప్పించినా అది నియమాల ప్రకారం లెక్కకట్టిన ఖర్చే. మనం నోటిమాటమీద ఒప్పుకున్న వాటాకి ఆ పట్టికలో చోటు లేదు. అది మన పరిహారంలోంచే పోతుంది. కాలు నొప్పికని ఇచ్చిన డబ్బులోంచి అన్నమాట!

అసలా వాటా బేరమే తప్పని నాకు ఆలస్యంగా తెలిసింది. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. తెలంగాణలో ఒకావిడ భర్త 1998లో రోడ్డు ప్రమాదంలో పోయారు. పరిహారం వచ్చాక ఫీజు కింద ఆమె చేత 3 లక్షలకు చెక్కు రాయించుకున్నారు. చెక్కు చెల్లలేదని ఆమెమీదే కేసు పెట్టారు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. వచ్చిన సొమ్ములో ఇంత శాతమని ఫీజు అడగడం వృత్తికి తగని పని అంది. నేను వకీలు గుమ్మం ఎక్కింది ఆ తీర్పు వచ్చాకే! పేపరు తెప్పించేది మేమే, చదివేది మాత్రం వంటల పేజీ. వకీళ్ళందరూ అలాంటివారని అనడం లేదు. ఫీజు ఇంత అని రూపాయల్లో ముందే మాట్లాడుకుని, కట్టినదానికల్లా రసీదు అడగండి. మంచివారు ఏమీ అనుకోరు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి చేశాను. ఉచిత న్యాయసహాయం అంటే తెల్లకార్డు ఉన్నవారికే అనుకున్నాను. 1987నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ చూస్తే, స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో పనేలేదు. మేడలో ఉన్నా సరే, ఆడవారైతే చాలు. మగవారికైతే ఆదాయ పరిమితి ఉంటుంది, ఎస్సీ, ఎస్టీలవంటి కొందరికి అదీ లేదు. కేసులో పస ఉందనిపిస్తే వకీలును వాళ్ళే ఇస్తారు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, కాపీల ఖర్చు వాళ్ళే భరిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వకీలు దగ్గరకు వెళ్తూ నేను ఆ బోర్డు ముందునుంచే ఎన్నిసార్లు నడిచానో!

కాబట్టి పాల్వంచ సోదరీ, దెబ్బ తగిలింది మీ అత్తగారికి. కేసు ఆవిడ పేరుమీదే పడుతుంది. ఆవిడ స్త్రీ. మీవారి జీతం ఎంతైనా అడ్డు కాదు. ఈ మాట మీవారికి చదివి వినిపించండి. కేసు కూడా మీరుంటున్న చోటి ట్రిబ్యునల్ లోనే వేసుకోవచ్చు, బైకువాడి ఊరికి తిరగక్కర్లేదు. కాకపోతే ఆలస్యం పనికిరాదు. మేము పది నెలలకు తీరిగ్గా వేశాం, అప్పట్లో గడువు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు చట్టంలోకి వచ్చింది.

ఓడిపోతే వాళ్ళ ఖర్చు మన నెత్తిన పడుతుందేమోనని కూడా అడిగారు. పడదని గట్టిగా చెప్పలేను. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు "ఎవరి ఖర్చులు వారివే" అని రాసేస్తారు. అబద్ధపు కేసు వేస్తే మాత్రం వేరే సంగతి. ఇంకో మాట, ఆ బైకుకి ఇన్సూరెన్సు ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే పరిహారమైనా ఖర్చులైనా బండి యజమాని ఇవ్వాల్సిందే. వసూలు చేసుకోవడం అంత తేలిక కాదు.

లోక్ అదాలత్ లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. బాగానే ఉంది గానీ, అక్కడ సంతకం పెట్టాక అప్పీలుండదు. ఫీజు మిగులుతుందని తొందరపడి తక్కువకి ఒప్పుకోకండి. "పెద్దావిడ, ఇంట్లో కూర్చునే మనిషి, ఏం నష్టం?" అని అవతలివాళ్ళు అంటారు, నన్నూ అన్నారు. ఇంటిపనికీ విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2001లోనూ, మళ్ళీ 2021లోనూ చెప్పింది. మనవడికి అన్నం తినిపించేది, బియ్యంలో రాళ్ళేరేది ఎవరో జడ్జిగారికి చెప్పించండి.

ఆసుపత్రి బిల్లులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు, ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి బీరువాలో పెట్టండి. ఇన్సూరెన్సువాళ్ళకైనా, వకీలుకైనా జిరాక్సులే ఇవ్వండి. మా ఇంట్లో మందుల షాపు చీటీలు మూడు పప్పుడబ్బా కింద తడిసి అక్షరాలు పోయాయి. వాటి డబ్బు రాలేదు.