యూనియన్ లేని డిపోలో సెలవు ఎవరిని అడగాలి?

2025 రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లొచ్చని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 2 నుంచి 31 వరకు. టీచర్లు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది, కార్పొరేషన్లు, ప్రభుత్వ రంగ సంస్థలు, అందరికీ వర్తిస్తుందన్నారు. సెక్రటేరియట్‌లో కూర్చునే గుమాస్తాకు ఇది నిజంగా పనికొచ్చే మాట. కాచిగూడ నుంచి ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక వైపు బస్సు నడిపే డ్రైవర్‌కు మాత్రం 4 గంటలంటే రద్దీ మొదలయ్యే వేళ. స్టీరింగ్ వదిలి ఇఫ్తార్‌కు ఎలా వెళ్తాడు? అదే ఉత్తర్వులో 'సర్వీసు అవసరాల దృష్ట్యా హాజరు తప్పనిసరైతే తప్ప' అని ఒక మినహాయింపు ఉంది. ఆర్టీసీలో రోజూ అవసరమే కాబట్టి, మినహాయింపే నియమమైపోతుంది.

ఇలాంటి చోటే యూనియన్ పనికొస్తుంది. యూనియన్ అనగానే జనానికి సమ్మె, జెండా, గేట్ మీటింగ్ గుర్తొస్తాయి. కానీ డిపోలో దాని రోజువారీ పని వేరు. రోజా ఉన్నవాడికి ఉదయం షిఫ్టు ఇప్పించడం, ఈద్ రోజు డ్యూటీ మార్పించడం, ఇంట్లో మయ్యత్ అయితే డిపో మేనేజర్ దగ్గరకు వెళ్లి 'సార్, ఇతన్ని పంపండి' అని చెప్పడం. ఒక్కడు అడిగితే అది బతిమాలడం. వెనక యూనియన్ ఉంటే అది హక్కు.

2019లో ఆ అండ పోయింది. అక్టోబర్ 5న దాదాపు 48 వేల మంది కార్మికులు ప్రభుత్వంలో విలీనం కోరుతూ సమ్మెకు దిగారు. ఆ సాయంత్రం 6 గంటలలోపు డ్యూటీకి రాని వాళ్లు ఉద్యోగాలు తామే వదులుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. 52 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. డిసెంబర్ 1న ప్రగతి భవన్‌కు కార్మికులను పిలిచి భోజనం పెట్టారు, సమ్మె కాలం జీతం ఇస్తామన్నారు, రిటైర్మెంట్ వయసు 60కి పెంచారు. అదే సమయంలో యూనియన్ ఎన్నికలు పక్కనపెట్టి, ప్రతి డిపో నుంచి ఇద్దరు సభ్యులతో సంక్షేమ బోర్డులు తెచ్చారు. యాజమాన్యం వేసిన బోర్డు సభ్యుడు ఆ యాజమాన్యంతోనే ఎంత గట్టిగా మాట్లాడగలడో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఆ రోజు వచ్చిన హామీల్లో మన ఇళ్లకు బాగా ఉపయోగపడేది ఒకటుంది. మహిళా సిబ్బందికి రాత్రి 8 దాటాక డ్యూటీ వేయొద్దన్నది. భర్త చనిపోయిన ముస్లిం మహిళకు ఇద్దత్ 4 నెలల 10 రోజులు. అంత సెలవు ఏ డిపోలో దొరుకుతుంది? అయితే వేరే ఆధారం లేని వితంతువు పగటిపూట జీవనోపాధికి బయటకు వెళ్లొచ్చని, రాత్రి మాత్రం ఇంట్లోనే ఉండాలని హనఫీ ఉలమాలు చెబుతారు. అలాంటి కండక్టర్ బీబీకి పగటి డ్యూటీ మాట నిలబడటమే పెద్ద ఊరట. ఆ మాట నిలబెట్టమని అడిగే నోరు డిపోలో ఉండాలి కదా.

2025 మే 7 నుంచి మళ్లీ సమ్మె అని ఆర్టీసీ జేఏసీ నోటీసు ఇచ్చినప్పుడు, డిమాండ్లలో యూనియన్ల పునరుద్ధరణ కూడా ఉంది. మంత్రి పొన్నం ప్రభాకర్‌తో చర్చల తర్వాత వాయిదా వేశారు. ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ పడింది.

ఈలోపు కేంద్రం 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. ఇందులో తీపీ చేదూ రెండూ ఉన్నాయి. జీతంతో కూడిన వార్షిక సెలవుకు ఇదివరకు ఏడాదిలో 240 రోజులు పనిచేయాలి, ఇప్పుడు 180 రోజులు చాలు. ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు సెలవు. చేదు వేరే కోడ్‌లో ఉంది. ఒక సంస్థలో సగం మంది, అంతకు మించి, కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మే. సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలి, లేదంటే చట్టవిరుద్ధం. 'మూకుమ్మడి సెలవు' అనే పాత ఆయుధం దీంతో మొద్దుబారింది. ఈద్ రోజు ఎవరికి వారు పెట్టుకునే సెలవు దీని కిందకు రాదు, కూడబలుక్కోవడం ఉంటేనే వస్తుంది. అయినా భయపెట్టడానికి ఈ నిబంధనను వాడే అధికారి ఉండడని చెప్పలేం.

హజ్ సంగతి ఇంకా కష్టం. హజ్ కమిటీ ద్వారా వెళ్తే దాదాపు 40 రోజులు. ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 30 రోజుల ఈఎల్ ఉంటుంది, దాచుకోవచ్చు కూడా. ఆర్టీసీ వాళ్లను ప్రభుత్వంలో కలిపే బిల్లు 2023 ఆగస్టులో అసెంబ్లీలో పాసైంది, 43,373 మందికి వర్తిస్తుందన్నారు. 2025 సమ్మె నోటీసు నాటికి కూడా ఆ విలీనం ఒక డిమాండుగానే మిగిలింది.

అందాకా చేయగలిగింది చిన్నదే, కానీ చేయాల్సిందే. సెలవు నోటిమాటగా అడగొద్దు. దరఖాస్తు కాగితం మీద ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. 1946 చట్టం కింద వచ్చిన కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో సెలవు నిరాకరిస్తే కారణం రిజిస్టర్‌లో రాయాలని, కార్మికుడు అడిగితే దాని నకలు ఇవ్వాలని ఉండేది. సెలవు మంజూరు కాకుండా 10 రోజులకు మించి రాకపోతే దుష్ప్రవర్తన అనీ అందులోనే ఉండేది. ఒంట్లో బాగోలేకపోతే ఇంట్లో పడుకుని తర్వాత చెబుదామనుకోకుండా, మొదటి రోజే తార్నాక ఆర్టీసీ ఆసుపత్రిలో చూపించుకుని చీటీ దగ్గర పెట్టుకోవాలి.