మైలుతుత్తంలో మునిగిన కొడవలి

నిమ్మతోటకు బోర్డో మిశ్రమం కలిపే రైతు మందు కొట్టే ముందు ఓ చిన్న పరీక్ష చేస్తాడు. కిలో మైలుతుత్తం ఒక తొట్టిలో, కిలో సున్నం ఇంకో తొట్టిలో కరిగించి, రెండూ కలిపి వంద లీటర్లు చేస్తాడు. ఆ లేత నీలి మందులో తళతళలాడేలా తోమిన కొడవలి కొన కాసేపు ముంచి తీస్తాడు. ఇనుము మీద ఎర్రటి పూత కనబడిందంటే సున్నం చాలలేదని అర్థం. ఇంకాస్త సున్నపు నీళ్లు పోసి మళ్లీ ముంచుతాడు. పూత పడనప్పుడే ఆ మందు చెట్టుకు కొడతాడు. ఇనుప డ్రమ్ములో మాత్రం ఎన్నడూ కలపడు.

ఆ ఎర్రటి పూత రాగి. ఇనుముకు రాగి కంటే చర్యాశీలత ఎక్కువ. అందుకే మైలుతుత్తంలోని రాగిని బయటికి నెట్టి, ఆ చోట తాను చేరుతుంది. పాఠ్యపుస్తకం దీన్నే స్థానభ్రంశ చర్య అంటుంది.

ఆ రైతు కూతురు మాత్రం బడిలో పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం అంటూ చర్యాశీలత శ్రేణిని పద్యంలా వల్లె వేస్తుంటుంది. తండ్రి కొడవలి మీద మెరిసిన రాగి, పుస్తకంలోని రాగి ఒకటేనని చెప్పేవాళ్లు చాలా బడుల్లో కరవు. ఈ పాఠాన్ని వల్లె వేయించడం మానాలి. పిల్లలు చేత్తో చేసి, కంటితో చూసి నేర్చుకోవాలి.

ఉప్పుగల్లు మీద సుత్తితో కొడితే పిండి అవుతుంది, రాగి ముక్క మీద కొడితే రేకు అవుతుంది. ఎందుకు? లోహంలో పరమాణువులు బారులు తీరి ఉంటాయి. వాటి బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా లోహమంతా తిరుగుతుంటాయి. దెబ్బకు ఒక బారు పక్కకు జరిగినా ఆ ఎలక్ట్రాన్లు కొత్త చోటా అంతే గట్టిగా పట్టుకుంటాయి. ఉప్పులో అలా జరిగితే ధనావేశానికి ఎదురుగా ధనావేశం వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుని గల్లు పగులుతుంది. కరెంటును, వేడిని మోసేదీ, లోహానికి మెరుపు తెచ్చేదీ ఆ తిరుగాడే ఎలక్ట్రాన్లే. స్తరణీయత, తాంతవత, ద్యుతి గుణం, విద్యుద్వాహకత అని నాలుగు రెండు మార్కుల ప్రశ్నలుగా విడగొట్టి చెప్పేవాటికి మూలం ఒక్కటే. ఆ మూలం తెలిసిన పిల్లకు నాలుగింటినీ గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు.

అమరిక మారితే గుణమూ మారుతుంది. 912 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన ఇనుములో పరమాణువులు ఒక వరుస వదిలి మరో వరుసలోకి సర్దుకుంటాయి. కర్బనం కలిసిన ఉక్కులో ఇంకా తక్కువ వేడికే ఈ మార్పు మొదలవుతుంది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన కొడవలిని చటుక్కున నీళ్లలో ముంచితే, కర్బనం బయటికి పోయే వ్యవధి లేక లోపలే చిక్కుకుంటుంది. పదునుకు అసలు కారణం ఆ చిక్కే.

ఈ విద్యలో తెలుగు నేలకు పెద్ద చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1820లలో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయ వైద్యుడు ఆ పనిని చూసి రాసిపెట్టాడు. యూరప్‌లో దాన్ని ‘వూట్జ్’ అన్నారు. ‘ఉక్కు’ అన్న మాటే అలా మారిందంటారు. విద్యుత్తు పరిశోధనలతో పేరు రాకముందే మైకేల్ ఫారడే ఈ ఉక్కు గుట్టు విప్పాలని ప్రయత్నించాడు. లోహాల పాఠంలో కోనసముద్రానికి కనీసం ఒక పేజీ దక్కాలి.

వంటిల్లు కూడా ప్రయోగశాలే. రాగి చెంబును చింతపండుతో తోమితే నల్లటి పొర పోయి ఎర్రగా మెరుస్తుంది. చర్యాశీలతలో రాగి హైడ్రోజన్ కంటే కింద ఉంది కనుక పులుపు ఒక్కటే రాగిని కరిగించలేదు, పైనున్న ఆక్సైడ్ పొరనే కరిగిస్తుంది. అదే పులుపు గాలి సోకుతూ గంటల తరబడి నిలవుంటే లోహం మెల్లగా కరిగి, పులుసు చిలుమెక్కుతుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించేది అందుకే. కళాయి పోసేవాడు గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లి, 232 డిగ్రీలకే కరిగే తగరాన్ని గుడ్డతో గిన్నె లోపలంతా పులుముతాడు. లోహం మీది ఆక్సైడ్‌ను నవాసాగరం తొలగిస్తేనే తగరం అంటుకుంటుంది.

లోహాల చరిత్రకూ ఆ శ్రేణే తాళంచెవి. దేనితోనూ సులువుగా కలవని బంగారం విడిగానే దొరికింది. రాగి, ఇనుము ఖనిజాలు బొగ్గు మంటకు లొంగాయి. భూమి పొరలో అన్ని లోహాల కంటే ఎక్కువగా ఉన్న అల్యూమినియం మాత్రం ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ విడివిడిగా విద్యుత్తుతో దాన్ని విడదీసే దారి కనిపెట్టాకే అది చవకై వంటింటికి చేరింది.

ఇదంతా నేర్పడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. కాస్త మైలుతుత్తం, మేకులు, నిమ్మకాయ, రాగి తీగ, జింకు పూత తీగ, బ్యాటరీ, చిన్న బల్బు చాలు. మైలుతుత్తం విషం కాబట్టి దాన్ని టీచరే కలపాలి, పిల్లలు చేతులు కడుక్కోవాలి. మెగ్నీషియం మంటను నేరుగా చూడనివ్వకూడదు, సోడియం టీచరు చేతిలోనే ఉండాలి. సిలబస్ పూర్తికాదన్న భయం టీచర్లలో ఉంది. అది న్యాయమైనదే. దానికి మందు పరీక్ష పత్రంలో ఉంది. శ్రేణిని వరుసగా రాయమనే బదులు, బోర్డో మిశ్రమాన్ని ఇనుప డ్రమ్ములో ఎందుకు కలపకూడదని అడిగితే, ఏ టీచరైనా ఆ పీరియడ్‌ను ప్రయోగానికే ఇస్తారు. ఊళ్లోని కమ్మరినీ కంచరినీ ఏడాదికొకసారి తరగతికి పిలవమని విద్యాశాఖ ఉత్తర్వు ఇస్తే ఖజానాకు భారమేమీ ఉండదు.

నీలి ద్రావణం నింపిన గాజు గ్లాసులో సాయంత్రం వేసిన మేకు, తెల్లారి బడి తెరిచేసరికి ఎర్రబడి ఉంటుంది. నీలం వెలిసి లేత ఆకుపచ్చ తొంగిచూస్తుంటుంది. ఆ మేకును కడిగి కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళ్లిన పిల్ల, తోట నుంచి వచ్చిన తండ్రికి చూపిస్తుంది. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి చూసి, “సున్నం చాల్లేదమ్మా” అంటాడు.