ఫలాఫెల్ మంచిదా, చెడ్డదా? – అడగవలసిన అసలు ప్రశ్న

"ఫలాఫెల్ తినవచ్చునా, కూడదా?" అని ఈమధ్య తరచుగా నన్ను అడుగుతున్నారు. గల్ఫ్ దేశాలలో పిల్లలున్న కుటుంబాలకు ఈ పేరు చిరపరిచితమే. ఇప్పుడు మన నగరాల హోటళ్లలోనూ ఇది కనిపిస్తోంది. నానిన శనగలను పచ్చిగానే రుబ్బి, ఆకుకూరలు, సంబారాలు చేర్చి, ఉండలు చేసి నూనెలో వేయించే వంటకమిది. లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్‌లలో దీనిని శనగలతో చేస్తారు. ఈజిప్టులో ఫావా అనే చిక్కుడు జాతి గింజల పప్పుతో చేసి 'తామియా' అంటారు.

ఈ ప్రశ్నకు ఒకప్పుడు నేను చెప్పిన సమాధానం తప్పు. దానిని ఒప్పుకొనడం వైద్యునిగా నా ధర్మమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం షార్జాలో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఫోను చేశాడు. శుద్ధ శాకాహార కుటుంబంలో పుట్టినవాడు. "డాక్టరుగారూ, పని దగ్గర నేను తినగలిగింది ఈ ఫలాఫెల్ ఒక్కటే. తిన్న పూటల్లా కడుపు ఉబ్బరం" అన్నాడు. ఎలా చేస్తున్నారు, ఎప్పుడు చేసినది తింటున్నావు అని నేను ఒక్కమాట అడగలేదు. "పరదేశపు తిండి నీ ఒంటికి సరిపడదు నాయనా, మానెయ్" అన్నాను. మానిపించాను గాని, బదులు ఏమి తినాలో చెప్పలేదు. ఏడాది తరువాత సెలవులకు వచ్చినవాడిని చూసి గతుక్కుమన్నాను. మనిషి చిక్కిపోయాడు. ముఖంలో కళ లేదు. మధ్యాహ్న భోజనం బన్ను, చిప్సు, టీతో సరిపెట్టాడట. "మీరే కదండీ మానమన్నారు" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది.

2019లో దుబాయిలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక చిన్న అంగడిలో ఈ వంటకాన్ని దగ్గరుండి చూశాను. ముందునాటి రాత్రి నానబెట్టిన శనగలు, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, దానిని పోలిన పార్స్‌లీ ఆకు, జీలకర్ర, ధనియాలు. అన్నీ బరకగా రుబ్బి, అడిగినవారికి అప్పటికప్పుడు వేయించి ఇస్తున్నారు. పైన కరకరలాడుతూ, లోపల పచ్చగా, మెత్తగా ఉన్నది. పక్కన నువ్వుల ముద్దలో నిమ్మరసం కలిపిన పలుచని పచ్చడి. నాలుగు తిన్నాను. సాయంకాలానికి చక్కగా ఆకలి వేసింది.

తిరిగి వచ్చాక ఆ యువకుడిని ఆనాడే అడగవలసిన ప్రశ్న అడిగాను. అతడు తిన్నవి పొట్లంలోని పొడి కలిపి, పొద్దున్నే నల్లబడిన నూనెలో వేయించి, మధ్యాహ్నం వెచ్చబెట్టి ఇచ్చినవట! దోషం వంటకానిది కాదు, చేసిన విధానానిది.

తరువాత మా ఇంట్లో నేనే చేయబోయి భంగపడ్డాను. శనగలు ఉడికించి రుబ్బాను. నూనెలో వేయగానే ఉండలు విచ్చి పిండి పిండి అయ్యాయి. మా ఇంటావిడ చూసి, "ఏమండీ, మసాలా వడకు ఎవరైనా పప్పు ఉడకబెడతారా?" అన్నది. నలభై ఏళ్లుగా ఆమె చేతి వడలు తింటున్న నాకు ఆ మాత్రం తోచలేదు. పచ్చి శనగలోని పిండిపదార్థం నూనెలో ఉడుకుతూ ముద్దను పట్టి ఉంచుతుంది. ముందే ఉడికి నీరు పీల్చిన శనగకు ఆ పట్టు ఉండదు. అప్పుడు మైదానో శనగపిండో కలుపుతారు. వంటకం బరువెక్కుతుంది. హోటళ్లలో మంచి ఫలాఫెల్ అరుదు కావడానికి ఇటువంటి దగ్గరి దారులే కారణమని నా అభిప్రాయం.

శాస్త్రం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయం శనగను లఘువు, శీతలం, రూక్షం అని వర్ణించింది. విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని ఎనిమిది విషయాలతో పరిశీలించమన్నారు. పదార్థ స్వభావం, సంస్కారం, సంయోగం, పరిమాణం, దేశం, కాలం, భుజించే నియమం, భుజించే వ్యక్తి. ఆనాడు నేను ఎనిమిదింటిలో దేశం ఒక్కటే చూసి తీర్పు చెప్పాను. శనగ రూక్షతకు నువ్వుల స్నిగ్ధత, వాతానికి జీలకర్ర, వెల్లుల్లి విరుగుడు. చరకుని పేరు వినని ఆ వంటవారు సంయోగ సూత్రాన్ని ఆచరణలో పాటిస్తున్నారు. అంతేకాదు, శనగ తొలుత సాగులోకి వచ్చింది నేటి ఆగ్నేయ టర్కీ ప్రాంతంలోనని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన శనగకే అది పుట్టిల్లయినప్పుడు ఫలాఫెల్‌ను పరాయిదని త్రోసివేయడం న్యాయమా?

ఇంట్లో చేయదలచినవారు పావుకిలో కాబూలీ శనగలను పన్నెండు గంటలు పుష్కలంగా నీరు పోసి నానబెట్టండి. వేసవిలో నీరు పులవకుండా రెండుసార్లు మార్చండి. ఉబ్బరం కలిగించే చక్కెరలు కొంత ఆ నీటిలోకి దిగుతాయి గనుక దానిని పారబోయాలి. తడి బాగా ఓడ్చి, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలు, గుప్పెడు కొత్తిమీర, చెంచాడు చొప్పున జీలకర్ర, ధనియాల పొడులు, తగినంత ఉప్పు చేర్చి, నీరు పోయకుండా రవ్వవలె రుబ్బండి. అరగంట ఆగి, నిమ్మకాయంత ఉండలు చేసి, తాజా నూనెలో మధ్యస్థమైన మంటపై లోపలి వరకు వేగనివ్వండి.

అయితే ఇది ఔషధం కాదు, నూనెలో వేగిన వంటకమే. మనిషికి నాలుగు చాలు. మధ్యాహ్నం మేలు, రాత్రి వద్దు. మందాగ్ని, ఆమ్లపిత్తం ఉన్నవారు మానడమే మంచిది. జి6పిడి అనే ఎంజైము లోపమున్నవారు ఫావా గింజల తామియాను తాకరాదు. వారిలో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై ప్రాణాపాయం కలుగవచ్చు. బయట తినేటప్పుడు బాణలిలోని నూనెను చూడండి. వేగిన నూనెలో పోలార్ కాంపౌండ్లనే పదార్థాలు 25 శాతం మించితే వాడరాదని 2018 జూలై 1 నుండి మన దేశంలో నియమమున్నది. నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కే నూనె కనబడితే మారుమాట లేకుండా వెనుదిరగండి.

ఆ యువకుడు ఇప్పుడు సెలవు రోజున తానే శనగలు నానబెట్టుకుంటున్నాడు. ఉబ్బరం లేదు, ఒళ్లు కోలుకున్నది. ఇక నా దగ్గరకు వచ్చి "ఇది తినవచ్చునా?" అని ఎవరు అడిగినా, నేను ముందుగా వేసే ప్రశ్న ఒక్కటే: "ఎలా చేశారమ్మా?"