వీడియోలో డాక్టరు ఉన్నా, ముందు 108

ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి గుండెల్లో నొప్పి వస్తే మనం ముందు ఎవరికి ఫోన్ చేస్తాం? ఆడపడుచుకి, అమెరికాలో ఉన్న అబ్బాయికి, తెలిసిన డాక్టరుగారికి. తలా ఒక మాట చెబుతారు. ఈలోగా అరగంట గడిచిపోతుంది. ఇప్పుడా వరసలో వీడియో డాక్టరు కూడా చేరారు.

ఫోన్ వైద్యాన్ని నేను కాదనను. కరోనా రోజుల్లో ఈ-సంజీవని లాంటివి గడప దాటలేని వాళ్ళకి ఎంతో ఆసరా అయ్యాయి. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు లెక్క వేరు. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఆ మాటే చెబుతాయి. అత్యవసరంలో ఫోన్ సలహా ప్రథమ చికిత్స వరకు, ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పడం వరకే. రోగిని వీలైనంత త్వరగా డాక్టరు ఎదుటికి చేర్చాల్సిందే. పక్షవాతమే తీసుకోండి. రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ తలకి స్కాన్ తీశాక. ఫోన్ స్కాన్ తీయలేదు కదా!

మరి ఫోన్ వైద్యం దండగా? కాదు, అంబులెన్సుతో కలిస్తే దాని విలువే వేరు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలో, బండిలో ఉన్న టెక్నీషియన్ కాల్ సెంటర్ డాక్టరుతో మాట్లాడుతూ దారిలోనే చికిత్స చేస్తారు. నా దృష్టిలో అసలైన టెలిమెడిసిన్ అది.

బండి వచ్చేదాకా మనిషి పక్కన ఉండేది మాత్రం మనమే. ఫోన్ పెట్టేయకుండా స్పీకర్లో ఉంచాలి. మనిషి పలకకుండా, ఊపిరి మామూలుగా తీయకుండా ఉంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. అవతలివాళ్ళు చెప్పగలరు, చేతులు మాత్రం మనవే. పచ్చళ్ళు పెట్టడం నేర్చుకున్నట్టే ఇదీ ఒక పూట కూర్చుని నేర్చుకోవాలి.

ఇంకొక్క మాట, ఇది మన గురించే. ఆడవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి ఆయాసంగా, వికారంగా, విపరీతమైన నీరసంగా, వీపులోనో దవడలోనో నొప్పిగా రావచ్చు. మనమేమో గ్యాసేలే అనుకుని వంట ముగించి పడుకుంటాం. ఎవరినీ లేపకుండా వీడియోలో డాక్టరుని అడిగి సరిపెట్టుకోవడం ఇప్పుడు మరీ సులువైపోయింది. నాకు భయం అక్కడే. అర్ధరాత్రయినా సరే, ఇంట్లోవాళ్ళని లేపండి, 108కి చేయించండి. వాళ్ళ నిద్ర రేపైనా తీరుతుంది.